తేదీ దాటితే విషమా, దాటకపోతే అమృతమా?

బెంగళూరు సర్జాపుర రోడ్డు పొడవునా ఏ అపార్ట్‌మెంట్‌లో ఏ తెలుగు ఇంటి వంటగదిలో కూర్చున్నా ఈ మధ్య ఒకటే తీర్పు వినపడుతోంది: "డేట్ అయిపోయింది, పారేయండి." దానిపై అప్పీలు లేదు. గోధుమపిండి, పాలు, పంచదార, పనీరు అన్నిటికీ అదే శిక్ష. ప్యాకెట్ మీద అచ్చయిన రోజు గడిచి అర్ధరాత్రి కాగానే లోపలున్నది తిండి కాకుండా పోతుందట. గడవనంతవరకు మాత్రం నిశ్చింతగా తినొచ్చట. ఈ నమ్మకంలో మొదటి సగం చెత్తబుట్ట నింపుతుంది, రెండో సగం మంచం ఎక్కిస్తుంది. రెండు సగాలూ తప్పే.

ముందు అవతలి పక్షం వాదనను వాళ్ళు చెప్పేదానికన్నా కాస్త బలంగానే చెబుతాను. గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే దంపతుల ఇంట్లో పెద్దదిక్కు లేదు. పిండి ముక్కిందో లేదో చిటికెడు నోట్లో వేసుకుని చెప్పే అత్తగారు ఊళ్ళో ఉన్నారు. సరుకు ఎవరు చేశారో, ఏ గోదాములో ఎన్నాళ్ళు మగ్గిందో తెలియదు. కల్తీ వార్తలు రోజూ చదువుతున్నాం. ఇంట్లో పసిబిడ్డ ఉంది. అలాంటప్పుడు చేతికందే ఆధారం ప్యాకెట్ మీది తేదీ ఒక్కటే. పారేస్తే పోయేది నలభై రూపాయలు, జబ్బు చేస్తే పోయేది వేలు. కాబట్టి అనుమానం ఉంటే పారెయ్యడమే తెలివి. ఇదీ వాదన. ఇలా ఆలోచించే తల్లిదండ్రుల మీద నాకు చులకన లేదు. వాళ్ళ భయం న్యాయమైనదే. ఆ భయానికి ఎంచుకున్న కొలబద్దే చెల్లదు.

1. చట్టమే ఆ మాట అనడం లేదు

తేదీవాదులు చట్టం తమ వైపు ఉందనుకుంటారు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో తేదీలు రెండు రకాలు. 'బెస్ట్ బిఫోర్' అంటే, చెప్పిన పద్ధతిలో నిలవ ఉంచితే సరుకు తన గుణాలన్నీ నిలుపుకునే గడువు. అది దాటాక నాణ్యత తగ్గినా ఆహారం తినడానికి పూర్తి క్షేమంగానే ఉండవచ్చునని ఆ నిర్వచనంలోనే రాసి ఉంది. నేను కల్పించింది కాదు, మీరు దేన్ని చూపించి పారేస్తున్నారో ఆ నిబంధనే చెబుతోంది. 'యూజ్ బై' లేదా 'ఎక్స్‌పైరీ' తేదీ వేరు. అది దాటాక నాణ్యతా, క్షేమమూ రెండూ బహుశా మామూలుగా ఉండవు, ఆ సరుకు అమ్మకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాచను. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ప్యాకెట్ మీద తయారీ తేదీతో పాటు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీని తప్పనిసరి చేశాయి. బెస్ట్ బిఫోర్‌ను కావాలంటే అదనంగా వేసుకోమన్నాయి. దాంతో రెండు రోజుల్లో విరిగిపోయే పాలకూ, డబ్బాలో నెలల తరబడి నిశ్చింతగా పడి ఉండే ఆవాలకూ ఒకే రకం ముద్ర పడుతోంది. ఇది నియంత్రణ సంస్థ చేసిన పొరపాటనే నా అభిప్రాయం. అమ్మేవాణ్ణి కట్టడి చేయడానికి అంత గట్టి గీత అవసరం కావచ్చు. కానీ అదే గీతను ఇంట్లో అలమరకు తగిలిస్తే, ఏది ప్రాణానికి ముప్పో ఏది రుచికి మాత్రమే లోటో చెప్పే తేడా చెరిగిపోతుంది.

మిగతా ప్రపంచం ఈ తేడాను తిరిగి గీయడానికి తంటాలు పడుతోంది. అమెరికాలో పసిపిల్లల ఫార్ములాకు తప్ప మరే ఆహారానికీ తేదీ వేయమని ఫెడరల్ చట్టం చెప్పదు. కంపెనీలు తోచిన మాటలు అచ్చువేసి జనాన్ని గందరగోళపెడుతున్నాయని కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది. 2026 జూలై 1 నుంచి నాణ్యత తేదీకి ఒక మాట, క్షేమం తేదీకి ఒక మాట మాత్రమే ఉండాలంది. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2022లో మూడు వందలకు పైగా రకాల పండ్లు, కూరగాయల మీద బెస్ట్ బిఫోర్ తేదీలే తీసేసింది. ఆపిల్ పండు వడలిందో లేదో చూడ్డానికి కళ్ళు చాలవా అన్నదే అక్కడి ప్రశ్న.

2. ఆ తేదీ ఎవరిది, దేనికి?

తేదీ వేసేది ప్రభుత్వం కాదు, తయారీదారు. సరుకును కొన్నాళ్ళు నిలవ ఉంచి, లేదా కావాలని ఎక్కువ వేడిలో పెట్టి, రంగు ఎప్పుడు మారుతుంది, కరకర ఎప్పుడు పోతుంది, క్రిములు ఎప్పుడు పెరుగుతాయి అని చూస్తాడు. దాన్నించి కొంత తగ్గించి ఒక రోజు ఎంచుకుంటాడు. బిస్కట్ల కంపెనీకి మెత్తబడిన బిస్కట్ కొరికి మీరు మొహం చిట్లించడమే పెద్ద నష్టం. అది కాపాడుకునేది ముందు తన పేరును, తర్వాతే మీ కడుపును. దీన్ని నేను కుట్ర అనను. వ్యాపారం అలాగే ఉంటుంది. దాన్ని వైద్యుడి చీటీ అనుకోవడం మన తప్పు.

పైగా ఆ తేదీకి ఒక షరతు ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాల్లో: చల్లని, పొడి చోట ఉంచాలి, తెరవనంతవరకు. పది డిగ్రీల వేడి పెరిగితే సరుకు పాడయ్యే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందన్నది ఆహార పరిశ్రమలో వాడే మోటు లెక్క. మే నెల విజయవాడలో రేకుల కప్పు కింద ఉన్న వేరుశనగ నూనె ప్యాకెట్టూ, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న సర్జాపురలో నీడపట్టున అలమరలో ఉన్న ప్యాకెట్టూ ఒకే బ్యాచ్‌వి కావచ్చు, ఒకే తేదీ ఉండొచ్చు. రెండూ ఒకే రోజున కనరెక్కుతాయా?

ఇంకా మంచి సాక్ష్యం ఈ నేల మీదే ఉంది. సర్జాపుర ఉన్న ఆనేకల్ తాలూకా రాగులు పండే సీమ. పాత మైసూరు పల్లెల్లో రాగులను భూమిలో పాతర వేసి ఏళ్ళ తరబడి దాచేవారు, కరువొస్తే తవ్వి తీసుకునేవారు. కన్నడిగులు ఆ పాతరను హగేవు అంటారు. గింజ చిన్నది, గట్టిది, పురుగు అంత తేలిగ్గా పట్టదు. అవే రాగులు మర ఆడించి పిండి చేస్తే కొన్ని నెలలకే చేదెక్కుతాయి. గింజలో భద్రంగా ఉన్న కొవ్వు గాలి తగిలి పాడవుతుంది. రాగులు అవే, ఊరూ అదే. రూపం మారితే ఆయుష్షు మారింది. తేదీ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చునేవాళ్ళకు ఈ ముక్క ఎప్పటికీ అర్థం కాదు.

3. గడువు లోపలి ముప్పు

తేదీవాదుల అసలు దోషం వాళ్ళు పారేసేదానిలో లేదు, తినేదానిలో ఉంది.

పది నిమిషాల్లో తెస్తామనే యాప్‌లో పనీరు, పెరుగు, దోసె పిండి తెప్పించుకుంటారు. కుర్రాడు నిజంగానే పది నిమిషాల్లో తెస్తాడు. మీటింగులో ఉన్నామని గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల మీద పెట్టించేస్తారు. ఆ సంచి అక్కడ ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఉంటుంది. ఇంటికొచ్చాక తేదీ చూస్తారు: ఇంకా ఆరు రోజులుంది. హమ్మయ్య అనుకుంటారు. ఆ ఆరు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న పనీరుకు లెక్కగట్టినవి, బల్ల మీద ఎండ కాచిన పనీరుకు కాదు. చల్లగా ఉంచాల్సిన ఆహారం 5 డిగ్రీల లోపు, వేడిగా ఉంచాల్సింది 60 డిగ్రీల పైన ఉండాలన్నది ఆహార భద్రతలో మొదటి పాఠం. ఆ రెండింటి మధ్య గడిపిన ప్రతి గంటా తేదీని కొరుక్కు తింటుంది, కానీ అచ్చయిన అంకె మారదు.

కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. జనరేటర్ ఉన్న టవర్లలో తెలియదు గానీ, పక్కనే దొమ్మసంద్ర వైపు సొంత ఇళ్ళలో ఉండేవాళ్ళకు బెస్కాం కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలిసిందే. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల పాటు చల్లదనం నిలుపుతుంది, నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ రెండు రోజుల దాకా ఆగుతుంది. అంతకు మించితే ప్యాకెట్ మీది తేదీని మరిచిపోయి, కరెంటు పోయిన గంటను గుర్తుపెట్టుకోవాలి. ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు?

టెట్రా ప్యాక్ పాలు చూడండి. 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు కాచి, క్రిమి చొరని పెట్టెలో నింపుతారు గనుక అవి నెలల తరబడి ఫ్రిజ్ లేకుండా ఉంటాయి. మూత తీశాక అవి మామూలు పాలే. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. పెద్ద అక్షరాల తేదీ మూడు నెలల తర్వాత ఉంటుంది, తెరిచిన రోజు మాత్రం ఎక్కడా రాసి ఉండదు, మీరు పెన్ను తీసి రాస్తే తప్ప.

అసలు కడుపు పాడుచేసే తిండికి చాలాసార్లు తేదీ అనేదే ఉండదు. పొద్దున వండి వంటగది గట్టు మీద వదిలేసిన అన్నం, బర్త్‌డే పార్టీలో మిగిలిన బిర్యానీ, ముందే కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు. అన్నం విషయం కాస్త వివరంగా చెప్పాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలుంటాయి, ఉడికినా చావవు. వెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఫ్రైడ్ రైస్ చేసి పెనం మీద ఎంత మాడ్చినా పోదు. మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం లెక్క వేరు, పులుపు చాలా క్రిములకు గిట్టదు. గట్టు మీద మూతపెట్టి వదిలేసిన పొడి అన్నానికి ఆ రక్షణ లేదు. తేదీ దాటి మూడు రోజులైందని మేరీ బిస్కట్ల ప్యాకెట్‌ను చెత్తలో వేసిన చేత్తోనే, పొద్దున్నుంచీ గట్టు మీదున్న అన్నంలో రాత్రికి పోపు వేసి పిల్లలకు బాక్సు కట్టే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ ఇంట్లో భద్రత గురించి పాఠం చెప్పేది ఎవరు?

మిఠాయిల సంగతీ అంతే. 2020 అక్టోబరు 1 నుంచి విడిగా అమ్మే స్వీట్ల పళ్ళేల ముందు కూడా బెస్ట్ బిఫోర్ తేదీ పెట్టాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మంచి పనే. కానీ ఆ చీటీ కోవాతో పాటు డబ్బాలోకెక్కి మీ ఇంటికి రాదు.

4. తినడానికి పనికిరానిది ఇవ్వడానికి ఎలా పనికొచ్చింది?

ఇది రాయాలంటే చేదుగా ఉంది, అయినా రాస్తాను. తేదీ దాటిన సరుకంతా నిజంగా చెత్తబుట్టలోకి పోదు. చాలావరకు ఇంట్లో పనిచేసే ఆవిడ సంచిలోకి పోతుంది. రాయచూరు నుంచో, అనంతపురం నుంచో, బెంగాల్ నుంచో వచ్చి రేకుల షెడ్డులో కాపురముంటున్న ఆవిడకు "ఇది పిల్లలకు పెట్టు" అని ఇచ్చి, దాన్ని దానం ఖాతాలో రాసుకుంటారు.

తర్కం చూడండి. అది విషమని నమ్మితే, మీ బిడ్డకు పెట్టనిది ఆమె బిడ్డకు ఎలా ఇచ్చారు? విషం కాదని లోలోపల తెలిస్తే, మీరెందుకు తినలేదు? ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబు చెప్పాలి. "వాళ్ళకు అలవాటే, వాళ్ళ కడుపులు గట్టివి" అనే జవాబు కూడా విన్నాను. క్రిములు జీతం చూసి కాటేయవు. నిజానికి ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉండకపోవచ్చు. కాబట్టి మీ ఇంట్లో మరో నాలుగు రోజులు నిలిచే పెరుగు ఆమె ఇంట్లో సాయంత్రానికే చెడుతుంది. ముప్పు తగ్గకపోగా పెరిగింది.

మిగిలిన ఆహారం పంచడాన్ని నేను తప్పుపట్టడం లేదు. 2019లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దానికోసమే మిగులు ఆహార సేకరణ, పంపిణీ నిబంధనలు తెచ్చింది. పంచేది క్షేమంగా ఉండాలి, గడువు లోపల చేరాలి అన్నదే వాటి సారం. గడువుంది, మాకు అక్కర్లేదు అని ఇవ్వడం పంచుకోవడం. గడువు లేదు, మాకు భయం అని ఇవ్వడం పంచుకోవడం కాదు.

5. ముక్కును నమ్మేవాళ్ళతోనూ నాకు పొత్తు లేదు

ఇంతవరకు చదివి "బాగా చెప్పారు, మా అమ్మమ్మ కాలంలో తేదీలెక్కడివి, వాసన చూస్తే చాలదూ" అని చంకలు గుద్దుకునేవాళ్ళుంటారు. వాళ్ళు ఆగాలి. ముక్కు పట్టుకునేది పాచిపోవడాన్ని, కనరును, పులుపును. ప్రాణం తీసేవాటిలో కొన్నిటికి వాసన లేదు, రుచి లేదు. సరిగా కాచకుండా మూసిన డబ్బాలో పుట్టే బొటులినం విషం అలాంటిది. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, గర్భిణులకు మరీ ప్రమాదం, ముక్కుకు దొరకదు.

బూజు కథ మన హైదరాబాదుకే తెలుసు. 1974లో రాజస్థాన్, గుజరాత్‌ల గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలు తిని 397 మందికి కాలేయ వ్యాధి సోకింది, 106 మంది చనిపోయారు. కారణం అఫ్లాటాక్సిన్ అని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి బృందం తేల్చి 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ఆ మొక్కజొన్నల మీద తేదీ లేదు. మామూలు వంట వేడికి ఆ విషం పోదు. బూజు పట్టిన మేర గిల్లేసి మిగతా రొట్టె తినే వీరులు, నల్లబడి ముడుచుకుపోయిన వేరుశనగ గుళ్ళను "వేయిస్తే పోతుందిలే" అని పొడి కొట్టేవాళ్ళు ఇది రెండుసార్లు చదవాలి.

అమ్మమ్మ ఆవకాయ ఏడాది నిలిచింది ఆమె ముక్కు వల్ల కాదు. ఉప్పు, కారం, ఆవపిండి, మామిడి పులుపు, పైన తేలే నూనె అన్నీ కలిసి క్రిమికి నీరు దక్కకుండా, గాలి అందకుండా చేశాయి. తడి చెయ్యి జాడీలో పెడితే ఆమె ఊరుకునేదా? ఆమెకు తేదీ లేకపోవచ్చు గానీ కట్టుబాటు ఉంది. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ఉప్పు సగం, నూనె పావు వేసిన పచ్చడిని విజయవాడ బస్సులో తెప్పించుకుని, అమ్మమ్మ పేరు చెప్పి బల్ల మీద మూడు నెలలు ఉంచుతున్నారు. ఆ పచ్చడి అమ్మమ్మది కాదు. ఫ్రిజ్‌లో పెట్టండి.

6. మరి దేన్ని బట్టి తేల్చాలి?

నాలుగు సంగతులు అడగాలి: అందులో తడి ఎంత, పులుపో ఉప్పో తీపో కాపు ఉందా, సీలు తీసి ఎన్నాళ్ళయింది, ఎంత వేడిలో ఎంతసేపు గడిపింది. వీటి తర్వాత తేదీ. అన్నిటికన్నా ముందు, తినేదెవరు.

పొడిగా ఉంచిన పంచదార, ఉప్పు తేదీకి లొంగవు. బియ్యం, కందిపప్పు, శనగలు చెమ్మ తగలకుంటే గడువు దాటినా తినొచ్చు. ముక్కపురుగు నాలుగు కనపడితే జల్లించి ఎండలో ఆరబోయండి, పిండయ్యేంతగా పట్టితే పారేయండి. ఉండకట్టి, బూజు వాసన వస్తే మారుమాట లేకుండా పారేయాలి. పసుపు, కారం, ధనియాల పొడి పాతబడితే వాసన పోతుంది, తడి తగలనంతవరకు ముప్పు రాదు. బిస్కట్లు మెత్తబడతాయి. నూనె, జీడిపప్పు, గోధుమ రవ్వ, మొలకతో కలిపి ఆడించిన పిండి కనరు వాసన కొడితే తేదీ లోపల ఉన్నా వద్దు.

పాలు, పనీరు, మాంసం, చేపలు, చల్లగా అమ్మే సిద్ధాన్నం దగ్గర మాత్రం నేను తేదీవాదినే, వాళ్ళకంటే కరకుగా. యూజ్ బై దాటితే వాసన కూడా చూడను. ఉబ్బిన డబ్బా, ఉబ్బిన పనీరు ప్యాకెట్ గడువులో ఉన్నా తెరవకండి. పసిబిడ్డ ఫార్ములాకు తేదీయే చట్టం, ఎందుకంటే గడువు దాటితే పోషకాలు లేబుల్ మీద చెప్పినంత ఉంటాయన్న హామీ లేదు, ఆ బిడ్డకు అదే మొత్తం ఆహారం. గర్భిణులు, ముసలివాళ్ళు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు ఉన్న ఇంట్లో నేను పైన ఇచ్చిన సడలింపులు కూడా సగానికి తగ్గించుకోండి. మందుల గురించి ఇక్కడ ఏమీ చెప్పడం లేదు, దయచేసి ఈ వ్యాసాన్ని మందుల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళకండి.

"ఇంత గుర్తుపెట్టుకోవడం కంటే పారేయడమే సులువు" అంటారు. సులువే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారం వృథా చేసింది, అందులో 60 శాతం ఇళ్ళలోనే. భారతీయ ఇళ్ళ వాటా తలకు ఏటా 55 కిలోలు. అందులో తొక్కలూ ఎముకలూ కూడా ఉన్నాయి, ఇదంతా తేదీల వల్లే అని నేననను. కానీ గడువు ముగిసిందన్న ఒక్క కారణంతో సీలు తీయని కందిపప్పు ప్యాకెట్ చెత్తలోకి పోయినప్పుడు దాన్ని పండించిన నీరు, రైతు చెమట కూడా పోయాయి.

మీ కోపానికి సరైన చోటు వేరే ఉంది. గడువు దాటిన సరుకు అమ్మడం నేరం, తేదీ చెరిపి కొత్తది అంటించడం అంతకన్నా పెద్ద నేరం. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు ఇంటికి చేరేసరికి గడువులో కనీసం 30 శాతమో 45 రోజులో మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ కంపెనీలకు చెప్పింది. రెండు రోజుల్లో గడువు ముగిసే పిండి మీ గుమ్మంలో పెట్టి వెళ్ళారా? అది మీ పనావిడ సంచిలో వెయ్యకండి. ఫొటో తీసి వెనక్కి పంపండి, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టండి. వంటగదిలో ఒక మార్కర్ పెన్ను వేలాడదీసి, ప్యాకెట్ తెరిచిన ప్రతిసారీ ఆ రోజు తేదీ మీ చేత్తో దాని మీద రాయండి.